తలుపు వేసే చెయ్యి

ఆ కారు ఊళ్ళోకి వచ్చినప్పుడు గురవమ్మకు వినపడలేదు. ఆమెకు మొదట మండింది అందుకే.

ఏ బండి వచ్చినా రాచర్ల రోడ్డు మలుపు దగ్గరే ఆమెకు తెలిసిపోతుంది. ఆటో అయితే దగ్గుతుంది. ట్రాక్టరు అయితే వంటింట్లో గిన్నెలు అదురుతాయి. తమ ఇంటి తెల్ల అంబాసిడర్ సంగతి చెప్పనే అక్కరలేదు, దాని చప్పుడుకు ఊరి కుక్కలు కూడా లేచి దారి ఇస్తాయి. ఇది మాత్రం పిల్లిలా వచ్చి పెండ్లిపందిరి ముందు ఆగింది. కళ్ళాపి చల్లుతున్న గురవమ్మ తల ఎత్తేసరికి ఆ నల్లటి తలుపులో తన మొహమే కనపడింది. ఇంట్లో అద్దంలో కన్నా బాగా కనపడింది, ముడతలతో సహా.

"బాగుండావా పెద్దమ్మా?" అంటూ సురేష్ దిగాడు. ఆమె మరిది కొడుకు, తోడికోడలు వెంకటసుబ్బులమ్మకు ఒక్కగానొక్కడు. హైదరాబాదులో స్థలాల వ్యాపారం చేసి బాగా పైకొచ్చాడు. దిగినవాడు తలుపు చేత్తో వెయ్యలేదు. ఏదో బటన్ నొక్కాడు. తలుపు తనంతట తానే నెమ్మదిగా వచ్చి మూసుకుంది.

గురవమ్మ చేతిలో బకెట్టు పక్కకు ఒరిగి నీళ్ళన్నీ ఆమె కాళ్ళమీదే పడినాయి.

"తలుపు వేసేదానికి కూడా మనిషి వద్దా నాయనా దీనికి?"

"వద్దు పెద్దమ్మా. చెయ్యి పెట్టే పనే లేదు," అన్నాడు సురేష్ మురిసిపోతూ.

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది.

ఎందుకంటే ఆ ఊళ్ళో పెండ్లికూతురి కారుకు తలుపు వేసే చెయ్యి గురవమ్మది. ఆమె భర్త నరసింహులు ఆ అంబాసిడర్ కొన్న కాలం నుంచి ఊళ్ళో ఏ ఆడపిల్ల అత్తగారింటికి పోయినా అందులోనే పోయింది. మొదట పోయింది వాళ్ళ సొంత కూతురు రత్నమ్మే. ఆ రోజు గురవమ్మ ఏడుస్తూ గదిలోనుంచి బయటికి రాలేకపోయింది. ఎవరో తలుపు ధడాలున వేసినారు. రత్నమ్మ చీర కొంగు తలుపులో పడింది. పిల్ల కొమరోలులో దిగి చూసుకునేసరికి కొంగు కొస దుమ్ములో, గ్రీజులో నల్లగా ఈడ్చుకుపోయి ఉంది. రత్నమ్మ ఇప్పటికీ ఆ సంగతి చెప్పి నవ్వుతుంది. గురవమ్మకు మాత్రం నవ్వు రాదు. ఆ తర్వాత ఊళ్ళో ఎవరి బిడ్డ పోతున్నా సరే, కన్నతల్లి పందిరి గుంజ పట్టుకుని కూలబడిపోతే, గురవమ్మ ముందుకు వచ్చి, పిల్ల కొంగు లోపలికి సర్ది, కాళ్ళు లోపల ఉన్నాయో లేదో చూసి, తలుపు వేసేది. ఆ పాత తలుపు మెల్లగా వేస్తే పడదు. ఒళ్ళంతా బలం చేసుకుని వెయ్యాలి. ఆ చప్పుడు వింటేనే ఊళ్ళోవాళ్ళకు పిల్ల పోయిందని తెలిసేది.

ఎల్లుండి పోబోయేది ఆమె మనుమరాలు అరుణ. కొడుకు మహేష్ బిడ్డ. మహేష్, కోడలు నాగలక్ష్మి పొలం పోతే ఈ పిల్ల పెరిగిందంతా గురవమ్మ ఒళ్ళోనే. నాలుగేండ్ల పిల్లగా ఉన్నప్పుడు ఎవరి పెండ్లో చూసి వచ్చి, "అవ్వా, నేను పోయేటప్పుడు నా తలుపు అందరికన్నా గట్టిగా వెయ్యాల. ఊరంతా వినపడాల," అని చెప్పింది. అప్పటి నుంచి గురవమ్మ ఆ రోజు కోసం ఎదురు చూసిందో, ఆ రోజంటే భయపడిందో ఆమెకే తెలియదు. రెండూ ఒకటే అయినాయి.

నరసింహులు అంబాసిడర్‌ను గిద్దలూరు తీసుకుపోయి కొత్త రంగు వేయించుకొచ్చాడు. సీట్లకు ఎర్ర గుడ్డ కుట్టించాడు. అంతా సిద్ధం చేసుకుని ఉంటే, ఇప్పుడు సురేష్ పందిరిలో కుర్చీ వేసుకుని కాఫీ తాగుతూ, "మహేషన్నా, అరుణను నా కారులో పంపుదాం. నంద్యాలలో వాళ్ళు కూడా చూస్తారు గదా, మన పిల్ల ఎట్ల వచ్చిందో," అన్నాడు.

మహేష్ మొహం మతాబులా వెలిగింది. నరసింహులు గుడ్డ తీసుకుని, అప్పటికే తుడిచిన అంబాసిడర్ అద్దాన్ని మళ్ళీ తుడవడం మొదలుపెట్టాడు.

ఆ పొద్దంతా వెంకటసుబ్బులమ్మ కొడుకు కారు గొప్పలు ఊరికి వినిపిస్తూనే ఉంది. వచ్చినవాళ్ళందరినీ కారు చుట్టూ తిప్పి చూపించింది.

"లోపల పైకప్పు చూడక్కా. చీకట్లో నక్షత్రాలు వెలుగుతాయంట."

"మంచం వాకిట్లో వేసుకుంటే ఊరికే కనపడతాయి సుబ్బులూ," అంది గురవమ్మ.

"తలుపులోనే గొడుగు పెట్టినారు, చూసినావా? వాన పడితే తీసుకునేదానికి."

"మన రాచర్లలో వాన ఎప్పుడు పడింది? ఆ గొడుగు తీసే రోజు వస్తే నాకు చెప్పు, నేనూ వచ్చి చూస్తా."

ఆడవాళ్ళు నవ్వారు. వెంకటసుబ్బులమ్మ తగ్గలేదు. "సీటు వీపు పిసుకుతుందక్కా. నిజంగా! మనిషి పిసికినట్టే. నాకు నడుము నొప్పి పోయింది."

"అట్లయితే కోడలు దేనికి? ఆ సీటునే పెండ్లి చేయించాల్సింది మీ వాడికి."

ఈసారి వెంకటసుబ్బులమ్మ కూడా నవ్వింది. నవ్వుతూనే, "అసూయ మాటలు గదా ఇవి," అంది. గురవమ్మ గభాలున ఇంట్లోకి పోయింది. ఏదో మరిచిపోయినట్టు వంటింట్లో ఊరికే నిలబడింది. లోపల ఉన్నదాన్ని తోడికోడలు అంత తేలిగ్గా పేరు పెట్టి పిలిచేసరికి ఆమెకు చెమటలు పట్టినాయి.

అసూయే. దాచుకునేదేముంది. ఆ కారు లోపల గొర్రెబొచ్చు మాదిరి తెల్లటి మెత్తటి తివాచీ ఉంది. కాలు పెడితే మడమ కనపడదంట. తమ కారులో కాలు పెడితే కింద రోడ్డు కనపడే చోటు ఒకటుంది, నరసింహులు దానిమీద రేకు కప్పాడు. ఆ కారు చక్రాలు ఎంత తిరిగినా మధ్యలో ఉన్న బిళ్ళ మాత్రం తిరగకుండా నిటారుగానే నిలబడుతుందంట. ఎంత గర్వముంటే అట్ల నిలబడుతుంది! గురవమ్మ పందిరి చాటు నుంచి దాన్ని చూసింది. కళ్ళు తిప్పుకుంది. మళ్ళీ చూసింది. ఆ నలుపులో మామిడాకుల తోరణం, ఆకాశం, కోళ్ళు, పిల్లలు అన్నీ తేలిపోతూ కనపడుతున్నాయి. తమ ఊరు ఇంత అందంగా ఉంటుందని ఆమెకు ఇంతవరకూ తెలియదు. అందుకు కూడా ఆమెకు కోపం వచ్చింది.

సాయంత్రం సురేష్ అరుణను, నాగలక్ష్మిని దిగువమెట్ట దాకా, ఘాట్ మలుపుల్లో కొంత దూరం తిప్పుకొచ్చాడు. గురవమ్మను రమ్మంటే మోకాళ్ళ నొప్పి అంది. అరుణ దిగి పరుగెత్తుకుంటూ వచ్చింది.

"అవ్వా! కడుపులో తిప్పలేదు!"

గురవమ్మ పిల్ల మొహం పరీక్షగా చూసింది.

"నిజం అవ్వా. అన్ని మలుపులు తిరిగినాం. లోపల చప్పుడే లేదు. నా గాజులు కదిలితే నాకే వినపడినాయి. ఒక్కసారి కూడా వాంతి రాలేదు."

చిన్నప్పటి నుంచీ అరుణకు అంబాసిడర్ పడదు. ఆ పెట్రోలు వాసన, ఆ ఊగుడు. నల్లమల మలుపులు మొదలయ్యాయంటే పిల్ల మొహం పాలిపోతుంది. అందుకే గురవమ్మ ఏ ప్రయాణానికి బయలుదేరినా చీర కొంగున ఒక నిమ్మకాయ ముడి వేసుకునేది. పిల్లను ఒళ్ళో పడుకోబెట్టుకుని, నిమ్మకాయ గోటితో గీరి ముక్కు దగ్గర పెట్టేది. ఆ వాసనతో అరుణ నిద్రపోయేది. ఎల్లుండి కోసం కూడా ఒక మంచి కాయ ఏరి పెట్టుకుంది ఆమె.

"మంచిదేలే," అంది చివరకు.

బుధవారం పెండ్లి బాగా జరిగింది. పెండ్లికొడుకు బాలకృష్ణ నెమ్మదస్తుడు. కానీ వచ్చినవాళ్ళు అక్షింతలు వేసి నేరుగా కారు దగ్గరికే పోయినారు, దాని పక్కన నిలబడి ఫోటోలు తీసుకున్నారు. పందిట్లో వధూవరులకన్నా బయట కారు దగ్గరే జనం ఎక్కువ. అంబాసిడర్ బాదం చెట్టు కింద ఉంది. దానిమీద ఎవరో తడి తువ్వాలు ఆరేసినారు.

గురువారం పొద్దున్నే వెంకటసుబ్బులమ్మ పళ్ళెంలో పసుపు, కుంకుమ, ఉప్పు, మిరపకాయలు, నిమ్మకాయలు, కొబ్బరికాయ పెట్టుకుని గురవమ్మ దగ్గరికి వచ్చింది. ఈసారి మాటలో గొప్ప లేదు.

"అక్కా, అందరి కండ్లూ దానిమీదే ఉండాయి. నా బిడ్డ దాంట్లో తిరగాల. అరుణ దాంట్లో పోవాల. నీ చేత్తోనే దిష్టి తియ్యి. బొట్టు పెట్టు. నీ చేతి మీదే నాకు నమ్మకం."

ఊళ్ళో పసిబిడ్డకైనా, కొత్త బర్రెకైనా, బోరు మోటారుకైనా దిష్టి తీసేది గురవమ్మే. ఆమె పళ్ళెం అందుకుంది. ఊరంతా కలిసి చూసిన చూపు ఒక ఎత్తు, తాను చూసిన చూపు ఒక ఎత్తు. ఆ సంగతి ఆమెకు తెలుసు. తన దిష్టిని తానే ఎట్ల తీసేది? తీస్తే పోతుందా? అందులోనే గదా పిల్ల ఎక్కేది. దేవుడా, నా కన్ను పిల్లకు తగలకుండా చూడు అని మనసులోనే అనుకుని, ఉప్పు, మిరపకాయలు మామూలుకన్నా రెండింతలు పట్టుకుని కారు చుట్టూ తిరిగింది.

తర్వాత బొట్టు పెట్టాలి. అంబాసిడర్‌కు అయితే ఎక్కడెక్కడ పెట్టాలో ఆమె చేతికే తెలుసు. దీనికి ఎక్కడ పెట్టాలి? ఎక్కడ చూసినా ఒకటే నునుపు. వెతుక్కుంటూ పోతే ముందు భాగంలో చిన్నగా, గుండ్రంగా, సరిగ్గా బొట్టంత చోటు ఒకటి కనపడింది. దాని పక్కన ఇంకొకటి. చక్కగా వరసగా ఉన్నాయి. అద్దాల కింద చెరొకటి. వెనక నెంబరు పలక మీద ఒకటి. గురవమ్మ ఆశ్చర్యపోయింది.

"చూసినావా సుబ్బులూ, ఏ దేశంలో చేసినారో గానీ, బొట్టుకు చోటు మాత్రం మరిచిపోలేదు!"

"అందుకే గదక్కా అంత గొప్ప కారు అనేది."

పసుపు మెత్తగా కలిపి, ఆ గుండ్రాలన్నిటి మీదా మందంగా అద్ది, పైన కుంకుమ పెట్టింది. ఒక్కటి కూడా వదల్లేదు. మనసులో ఉన్న మంటకు బదులుగా చేత్తో ఎక్కువే పెట్టింది. ఎండకు పసుపు గట్టిగా ఆరిపోయింది.

అప్పగింతలు అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. ఇంకాసేపట్లో రాహుకాలం. తెల్లవారితే శుక్రవారం, శుక్రవారం ఆడబిడ్డను ఎవరూ పంపరు. అందరూ తొందర పెడుతున్నారు. అరుణ, బాలకృష్ణ వెనక సీట్లో కూర్చున్నారు. వెనక ఉన్నవి రెండే సీట్లు, తోడుగా పోయే ముసలిదానికి చోటు లేదు. గురవమ్మ కొంగు సర్దడానికి చెయ్యి చాచి ముందుకు వంగింది. ఇంతలో ముందు సీట్లోంచి సురేష్ బటన్ నొక్కినట్టున్నాడు. తలుపు ఆమె చేతిని దాటుకుంటూ పోయి మూసుకుంది. ఆమె చెయ్యి గాలిలో అట్లే ఉండిపోయింది.

సురేష్ దగ్గర పనిచేసే డ్రైవరు వీరేంద్ర కారును ముందుకు పోనిచ్చాడు. అతను దోర్నాల అడవి పక్కవాడు, శ్రీశైలం యాత్రికుల జీపులు తోలి తోలి చెయ్యి తిరిగినవాడు. చక్రాల కింద నిమ్మకాయలు చితికినాయి. కారు మూరెడు కదిలి, లోపల ఏవో హెచ్చరిక గంటలు మోగుతుండగా, ఎవరో ముక్కుతాడు లాగినట్టు ఠక్కున ఆగిపోయింది. మళ్ళీ పోనిచ్చాడు. మళ్ళీ ఆగింది. లోపల పూలదండలు ముందుకు ఊగినాయి.

"దిష్టి!" అని ఎవరో అన్నారు. "చెప్పినాను గదా, కండ్లన్నీ దానిమీదే ఉండాయి."

గురవమ్మ నా కన్నే, నా కన్నే అనుకుంటూ పందిరి గుంజ పట్టుకుంది.

వీరేంద్ర దిగి కారు చుట్టూ తిరిగి చూసి తల పట్టుకున్నాడు. "అయ్యో, కెమెరాలన్నీ మూసేసినారు సార్. ఈ గుండ్రాలే దీని కండ్లు. పసుపు అడ్డం ఉండేసరికి ముందర గోడ ఉందనుకుని అదే బ్రేకు వేసుకుంటా ఉంది. ఆఫ్ చేస్తే ఆఫ్ కావడం లేదు. ఏం లేదు, తుడిచేస్తే సరిపోతుంది."

సురేష్ జేబురుమాలు తీశాడు. ఆడవాళ్ళందరూ ఒక్కసారిగా అరిచినారు.

"రేయ్! పెండ్లికూతురు కూర్చున్న బండికి బొట్టు తుడుస్తావా?"

సురేష్ చెయ్యి ఆగిపోయింది. నాగలక్ష్మి మొహం తెల్లబోయింది. నీళ్ళు పోసి కడుగుదామని ఎవరో అంటే, కడిగినా అదే గదా అని ఇంకొకరు అన్నారు. ఎంత చదువుకున్నవాళ్ళయినా ఆ పని తమ చేత్తో చేయడానికి ముందుకు రాలేదు.

అప్పుడు బాదం చెట్టు కింద నుంచి అంబాసిడర్ చప్పుడు వినపడింది. నరసింహులు తాళం తిప్పాడు. ఎప్పుడూ మూడు నాలుగుసార్లు సతాయించే ఇంజను ఈ రోజు ఒక్క తిప్పుడుకే అందుకుంది.

"మన కారే దిక్కయింది చూడు చివరికి!" అన్నారు జనం. "దాంట్లోనే పంపండి. టైము లేదు."

గురవమ్మ గుండె ఎగిరి గంతేసింది. దాచుకోవడానికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పిల్ల తమ కారులోనే పోతుంది. పక్కన తాను కూర్చుంటుంది. తలుపు తానే వేస్తుంది, ఊరంతా వినపడేటట్టు. ఆ నల్ల కారు మొహాన పసుపు పూసుకుని ఎండలో నిలబడి చూస్తుంది. బాగా అయింది దానికి.

అరుణ దిగింది. ఏమీ గొణగలేదు, మొహం ముడుచుకోలేదు. పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని నేరుగా అవ్వ దగ్గరికి వచ్చి, భర్తకు వినపడకుండా చెవిలో అడిగింది.

"అవ్వా, నిమ్మకాయ ఉందా?"

గురవమ్మ వేళ్ళు కొంగు ముడి మీదికి పోయినాయి. కాయ అక్కడే ఉంది, చల్లగా. ఉంది అంటే చాలు. అంతటితో అయిపోయేది.

కానీ ఆమెకు ఆ మాటతోపాటు దారి కనపడింది. మలుపులు కనపడినాయి. కొత్త పట్టుచీర, పక్కన కొత్త మొగుడు, వెనక కార్లలో అత్తగారి మనుషులు. ఏ మలుపులోనో కారు ఆపించి, రోడ్డు పక్కన వంగి, తల ఎత్తలేక నిలబడిన అరుణ కనపడింది. ఆ ఇంట్లో మొదటి అడుగు పెట్టేటప్పుడు పిల్ల ఒంటిమీద ఆ వాసన. పిల్లకు అదంతా ముందే తెలుసు. తెలిసి కూడా, అవ్వ కారులో ఎక్కడానికి వచ్చి నిమ్మకాయ ఒక్కటే అడిగింది.

గురవమ్మ ముడి విప్పలేదు. కాసేపు నిలబడి ఆ కారు వైపు చూసింది. ఇంకా అసహ్యంగానే ఉంది ఆమెకు అది. తర్వాత అడుగులు వేసుకుంటూ దాని ముందుకు పోయింది. దిష్టికి కొట్టిన కొబ్బరికాయ చెక్కలో ఇంకా నీళ్ళున్నాయి. వేలు ముంచి, మొదటి గుండ్రం మీది పసుపు తడిపి, కుంకుమతో సహా గోటితో తీసుకుంది. తీసుకుని, తన మెడలో పుస్తె బయటికి తీసి దానికి అద్దుకుంది.

అందరూ నోరు తెరుచుకుని చూస్తున్నారు.

"తుడవకూడదు," అంది గురవమ్మ. "తీసుకోవచ్చు. అమ్మవారి దగ్గర కుంకుమ తీసుకోమా? రా సుబ్బులూ. నీ కొడుకు కారే గదా, రెండోది నువ్వు తీసుకో."

వెంకటసుబ్బులమ్మ కండ్లనీళ్ళతో వచ్చి తీసుకుంది. నాగలక్ష్మి వచ్చింది. బాలకృష్ణ అక్కలు వచ్చినారు. ముత్తైదువలంతా కారు చుట్టూ మూగినారు. కొబ్బరినీళ్ళు అయిపోతే ఎవరో కొత్త కాయ కొట్టినారు.

"కారుకు పేరంటం చేసినాం గదే!" అని నవ్వింది ఒకామె, వెనక గుండ్రాన్ని గోటితో గీకుతూ.

"మెల్లగా అక్కా, గీత పడుతుంది!" అని ఇంకొకామె సురేష్ మాదిరి గొంతు పెట్టి వెక్కిరించింది. వీరేంద్ర చివరగా ఆడవాళ్ళ చేతనే కొంగు కొసలతో తడి అద్దించాడు. లోపల గంటలు ఆగిపోయినాయి.

నరసింహులు ఇంజను ఆపలేదు. స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని భార్య వైపు చూస్తూనే ఉన్నాడు. ఆమె అటు చూడలేదు.

అరుణ మళ్ళీ లోపల కూర్చుంది. సురేష్ బటన్ మీదికి వేలు పోనిస్తుంటే, "చిన్నాయనా, నువ్వు నొక్కొద్దు. అవ్వ వేస్తుంది," అంది. తర్వాత గురవమ్మ వైపు తిరిగి, నవ్వో ఏడుపో తెలియని మొహంతో, "గట్టిగా వెయ్యాల అవ్వా," అంది.

గురవమ్మ కొంగు లోపలికి సర్దింది. పాదాలు చూసింది. ఆ తెల్లటి బొచ్చులో పసుపు పాదాలు నిజంగానే కనపడలేదు. తలుపు పట్టుకుంది. బరువుగా, చల్లగా ఉంది. ఒళ్ళంతా బలం చేసుకుని, పండ్లు బిగబట్టి తోసింది.

తలుపు వచ్చింది. ఇంకొక వేలెడు దూరం ఉందనగా, కారు ఆమె చేతిలోనుంచి దాన్ని లాక్కుని, తనే మూసుకుంది. చప్పుడు లేదు. అరుణ ముఖం నల్లటి అద్దం వెనక మాయమయింది. ఆ చోట గురవమ్మకు తన మొహమే కనపడింది, ముడతలతో సహా. తర్వాత అది కూడా పక్కకు జారిపోయింది. కారు ఎప్పుడు కదిలిందో తెలియనే లేదు.

ఆమె పోయి, సారె మూటలు ఎక్కించిన అంబాసిడర్‌లో వెనక కూర్చుంది. కొంగు ముడి విప్పి నిమ్మకాయ గోటితో గీరి, తానే వాసన చూసుకుంది. ఆ తర్వాత చెయ్యి బయటికి చాచి తలుపు లాగి వేసుకుంది.

కుక్కలు లేచినాయి. గిద్దలూరు వైపు మలుపు తిరుగుతున్న నల్ల కారు దాకా వినపడిందో లేదో గానీ, ఊరంతా వినపడింది.

"ఎందుకే అంత గట్టిగా?" అన్నాడు నరసింహులు.

"బండి పోనీయ్," అంది గురవమ్మ. "అది కనపడకుండా పోతుంది."